ఇంట్లో చూసిన సినిమా గురించి నలుగురికీ పనికొచ్చేలా చెప్పడం ఎలా

రాత్రి సినిమా చూశారు. పొద్దున ఎవరో అడిగారు, "ఎలా ఉంది?" అని. "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అన్నారు. రెండున్నర గంటలు కూర్చుని చూసినదాని మీద నోటికొచ్చింది అంతే. అడిగిన మనిషికి దాంతో ఏం తెలిసింది? చూడాలా వద్దా అన్నది కూడా తేలలేదు.

మాట్లాడడం రాక కాదు ఇలా జరిగేది. సినిమా మీద అభిప్రాయం చెప్పమంటే మనం తీర్పు చెప్పేస్తాం, ఆ తీర్పుకి దారితీసిన సంగతులు మింగేస్తాం. ఇంట్లో చూసినప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. థియేటర్‌లో కూర్చున్న మూడొందల మందీ ఒకే తెర, ఒకే శబ్దం, ఒకే చీకటిలో చూస్తారు. ఇంట్లో ఎవరి సినిమా వారిది. ఒకరు ఫోన్లో, ఒకరు పెద్ద టీవీలో, ఒకరు డబ్బింగ్‌లో, ఒకరు మధ్యలో మూడుసార్లు ఆపి రెండు రోజుల్లో చూస్తారు. తర్వాత అందరూ కూర్చుని అదే సినిమా గురించి మాట్లాడుకుంటున్నామని అనుకుంటారు. నిజానికి కాదు. అందుకే నేను పాటించే పద్ధతిలో మొదటి మెట్టు చూడడం దగ్గరే ఉంది.

ముందు టీవీ సంగతి చూడండి

సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తయారవుతాయి. ఇప్పటి టీవీలు తెరను సెకనుకు 60 లేదా 120 సార్లు మార్చగలవు. ఈ రెంటికీ మధ్య ఖాళీని పూడ్చడానికి చాలా టీవీలు లేని ఫ్రేములను సొంతంగా పుట్టించి మధ్యలో ఇరికిస్తాయి. ఆటల పోటీ చూస్తున్నప్పుడు అది హాయిగానే ఉంటుంది. సినిమాకి వచ్చేసరికి మనుషులు జారుతున్నట్టు కదులుతారు, సెట్టు సెట్టులాగే కనబడుతుంది, కోట్లు పోసి తీసిన దృశ్యం మధ్యాహ్నం సీరియల్‌లా తేలిపోతుంది. "విజువల్స్ చీప్‌గా ఉన్నాయి" అని ఎవరైనా అంటే నాకు ముందు అనుమానం వాళ్ల టీవీ మీదే.

ఈ సదుపాయానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. సెట్టింగుల్లో పిక్చర్ విభాగంలోకి వెళ్లి 'మోషన్' అనే మాట ఉన్న వాటన్నిటినీ ఆపేయండి. 2019లో టీవీ తయారీదారులు, స్టూడియోలు ఉన్న ఒక కూటమి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని ఒకదాన్ని ప్రకటించింది. మీ టీవీలో అది ఉంటే ఒక్క నొక్కుతో పనైపోతుంది. మొదట తెర కాస్త మసకగా, పసుపు తిరిగినట్టు అనిపిస్తుంది. పది నిమిషాలు ఓపిక పడితే కళ్లు అలవాటు పడతాయి.

తర్వాత పైనా కిందా వచ్చే నల్లపట్టీలు. వాటిని చూసి చిరాకుపడి జూమ్ చేసేవాళ్లు ఉన్నారు. చాలా సినిమాలు ఎత్తుకి 2.39 రెట్ల వెడల్పుతో ఉంటాయి. టీవీ వెడల్పు ఎత్తుకి 1.78 రెట్లు మాత్రమే. తెర నిండేలా జూమ్ చేస్తే బొమ్మలో దాదాపు నాలుగో వంతు పక్కలకి పోతుంది. ఆ పోయిన ముక్కలోనే తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న మనిషి ఉండొచ్చు. అప్పుడు మీరు "వాడికి ఆ సంగతి ఎలా తెలిసింది? లాజిక్ లేదు" అంటారు.

శబ్దం విషయం ఇంకా చిక్కు. 5.1 పద్ధతిలో, అంటే ఐదు స్పీకర్లకీ, గంభీరమైన శబ్దాల కోసం ఇంకోదానికీ విడివిడిగా మిక్స్ చేసిన సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి పెడతారు. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లయితే ఆ ఆరు దారుల శబ్దమూ రెంటిలోకి కుక్కుకుంటుంది. మాటలు గొణిగినట్టుంటాయి, ఫైట్ రాగానే రిమోట్ కోసం తడుముకోవాలి. "సౌండ్ మిక్సింగ్ దారుణం" అని రాసే ముందు మాటలు వినబడని ఆ సీన్ హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి వినండి. అప్పటికీ వినబడకపోతే నిస్సంకోచంగా రాయండి, అది వాళ్ల తప్పే.

చూస్తున్నప్పుడు మూడు మాటలు చాలు

నోట్సు రాసుకుంటూ చూడమని చెప్పను. అలా చూస్తే సినిమా పరీక్ష పేపరైపోతుంది. కానీ ఒక కాగితం ముక్క పక్కన పెట్టుకుని, మీకు ఏదైనా జరిగినప్పుడు టైము వేసుకోండి. 'ఏదైనా జరగడం' అంటే నవ్వు రావడం, గొంతు పట్టేయడం, విసుగుతో ఫోన్ తీయడం, "ఇదేంటి?" అనిపించడం. "0:47, మెట్ల సీన్, భయం." అంతే. థియేటర్‌లో లేని వసతి ఇది. ప్లేయరే టైము చూపిస్తుంది, తర్వాత సరిగ్గా అక్కడికే వెళ్లి మళ్లీ చూసుకోవచ్చు.

ఫోన్ తీసిన టైము కూడా వేసుకోమన్నాను కదా, అది మరిచిపోకండి. ఒకసారి నేను ఓ సినిమా గురించి ఇంట్లో పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. నాయిక అంత కోపం ఉన్న మనిషిని ఉన్నట్టుండి ఎలా క్షమిస్తుంది, రచయితకి ఓపిక లేదు, ముగించేశాడు అని. మా చెల్లెలు అంతా విని, "అన్నయ్యా, ఆమె వాళ్లమ్మ ఉత్తరం చదివినప్పుడు నువ్వు ఎవరికో మెసేజ్ కొడుతున్నావు" అంది. వెనక్కి తిప్పి చూశాను. నాలుగు నిమిషాల సీను. సినిమాకి గుండెకాయ అదే. అప్పటినుంచి నా కాగితంలో ఫోన్ తీసిన టైములు తప్పకుండా ఉంటాయి.

అయిపోయాక పది నిమిషాలు ఎవరి మాటా వినొద్దు

సినిమా అయిపోగానే ఎవరేమన్నారో చూడడానికి చేతులు ఫోన్ వెతుకుతాయి. ఆ పది నిమిషాలు ఆగండి. ఇంకొకరి మాట చెవిన పడిందా, మీ అభిప్రాయం దాని రంగు పులుముకుంటుంది. తర్వాత ఏది మీదో ఏది వాళ్లదో మీకే తెలియదు.

ఆ పది నిమిషాల్లో గుర్తున్నవి గుర్తున్నట్టు రాసేయండి. వరస అక్కర్లేదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని పదభాగాలు బట్టీపట్టి తన మీద తానే ప్రయోగం చేసుకుని, ఫలితాలు 1885లో ప్రచురించాడు. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందనీ, ఆ తర్వాత నెమ్మదిస్తుందనీ ఆయన గమనించాడు. సినిమా అంత అర్థంలేనిది కాదనుకోండి, కొన్ని సినిమాల సంగతి చెప్పలేం. కానీ మరపు తీరు మాత్రం దాదాపు ఇదే. రేపు రాద్దామనుకుంటే కథ మిగులుతుంది, వివరం పోతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. ఒక అనుభవం గురించి తర్వాత మన మనసులో మిగిలేది దానిలోని పతాక క్షణమూ, ముగింపూ అని మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానెమన్, ఆయన సహచరులు 1990లలో చేసిన ప్రయోగాల్లో తేల్చారు. ఎంతసేపు సాగిందన్నది పెద్దగా లెక్కలోకి రాదట. సినిమాకి ఇది అచ్చంగా వర్తిస్తుంది. క్లైమాక్స్ అదిరితే గంటంపావు విసుగు మరిచిపోతాం. చివర తేలిపోతే అంతకుముందు కళ్లు చెమర్చిన సంగతి మనమే ఒప్పుకోం. అందుకే పది నిమిషాల రాతలో మొదట నడుమ భాగం గురించి రాయండి. మూడో వంతు దగ్గర ఏం జరిగింది, అప్పుడు మీరెలా కూర్చున్నారు అని. ముగింపు గురించి చివర్లో రాసినా పోదు, అదెలాగూ గుర్తుంటుంది.

అరిగిపోయిన మాటల్ని విప్పండి

అసలు పని ఇక్కడుంది. మనందరి దగ్గరా ఓ పది మాటలున్నాయి. లాగ్, కనెక్ట్ కాలేదు, టేకింగ్ బాగుంది, స్క్రీన్‌ప్లే వీక్, నెక్స్ట్ లెవెల్, రొటీన్. వీటిని వాడొద్దనను, నేనూ వాడతాను. కానీ వాడిన ప్రతిసారీ మీకు మీరు "అంటే?" అని అడగండి. జవాబు దొరికితే ఆ జవాబే రాయండి, పాత మాట కొట్టేయండి.

'లాగ్' తీసుకుందాం. ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరువేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకటి, మనకి ముందే తెలిసిపోయిన సంగతిని పాత్రలు తాపీగా కనుక్కుంటూ ఉంటే మనం ముందు, కథ వెనక. రెండు, ఒకే సంగతిని మూడు సీన్లలో చెప్తే. అతను తాగుబోతని ఒక సీన్లో తెలిసింది, ఇంకో రెండు సీన్లు కూడా అదే చెప్పాయి. మూడు, ఆ మనిషికి ఏం కావాలో మనకి తెలియకపోతే. వెళ్తున్నాడు, వస్తున్నాడు, ఎందుకో అంతుపట్టదు. నాలుగోది నిజంగా నిదానం. కెమెరా కదలదు, మనుషులు మాట్లాడరు, వాన పడుతూ ఉంటుంది. ఈ నాలుగోది జబ్బు కాకపోవచ్చు కూడా, అది దర్శకుడు కావాలని పెట్టిన నడక. మీకు పడలేదంతే. మొదటి మూడిటినీ తప్పు అనొచ్చు, నాలుగోదాన్ని "నాకు అంత ఓపిక లేదు" అనడమే న్యాయం. మీ మాట వినేవాళ్లలో వాన చూస్తూ కూర్చోవడం ఇష్టమైనవాళ్లు ఉంటారు. "లాగ్" అనేస్తే వాళ్లకి నచ్చే సినిమాని వాళ్ల నుంచి దూరం చేసినవాళ్లవుతారు.

'కనెక్ట్ కాలేదు' ఇంకా జారుడు మాట. ఎవరితో కాలేదు? ఆ పాత్ర చేసిన పని మీకు నచ్చలేదా, నమ్మబుద్ధి కాలేదా, లేక అది చేసినప్పుడు ఆ మనిషి ముఖం మీకు కనబడనే లేదా? నచ్చకపోవడం, నమ్మకపోవడం ఒకటి కాదు. దొంగ మీకు నచ్చనక్కర్లేదు, వాడు దొంగతనం చేస్తాడని నమ్మితే చాలు.

'రొటీన్' అన్నప్పుడు దేనికి రొటీన్ అన్నది చెప్పండి. కథ పాతదా, దాన్ని చెప్పిన తీరు పాతదా? పాత కథని కొత్త వరసలో చెప్పిన సినిమాలు ఎన్నో ఉన్నాయి. పాత వరసలోనే, కాకపోతే మంచి పనితనంతో చెప్పినవీ ఉన్నాయి. వాటిని నేను ఇష్టంగానే చూస్తాను, సిగ్గేం లేదు.

పొగడ్తకీ ఇదే నియమం. "బీజీఎం అదిరింది" అనే బదులు ఏ సీన్లో అదిరిందో చెప్పండి. సంగీతం ఆగిపోయిన చోటు చెప్పగలిగితే ఇంకా మంచిది. నేపథ్య సంగీతం గొప్పదనం చాలాసార్లు అది నోరు మూసుకున్నచోట బయటపడుతుంది.

మెచ్చుకున్నా తిట్టినా సరైన మనిషినే

1910ల చివర్లో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు చేసిన ప్రయోగం గురించి సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక నటుడి ముఖం, అందులో పెద్దగా ఏ భావమూ లేదు. ఆ ముఖం తర్వాత ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఓ అమ్మాయి. ముఖం మాత్రం అదే షాటు. చూసినవాళ్లకి అతను ఆకలితో, దుఃఖంతో, కోరికతో చూస్తున్నట్టు అనిపించిందట, ఏం నటన అని మెచ్చుకున్నారట.

"కళ్లతోనే నటించాడు" అని రాయబోయేటప్పుడు ఇది గుర్తు చేసుకోండి. ఆ షాటుకి ముందు ఏముంది, వెనక ఏముంది అని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఒక్కోసారి ఘనత ఎడిటర్‌ది. ఒక్కోసారి కట్ అన్నదే లేకుండా రెండు నిమిషాలు ముఖం మీదే కెమెరా నిలబడి ఉంటుంది, అప్పుడు నటుడికే దండం పెట్టాలి. గొంతు విషయంలోనూ అంతే. తెర మీది మనిషి గొంతు వేరొకరిది కావచ్చు. చివర పేర్లు వచ్చేటప్పుడు ప్లేయర్ తర్వాతి సినిమాకి తోసేయాలని చూస్తుంది, దాన్ని ఆపి డబ్బింగ్ చెప్పింది ఎవరో చదవండి. ఆ పేరు మీరు రాస్తే అది వాళ్ల దాకా ఎప్పుడైనా చేరొచ్చు.

తప్పు పట్టేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. కథలో కన్నం ఉందని రాసే ముందు ఆ సీన్ మళ్లీ చూడండి. అమెరికన్ విమర్శకురాలు పాలీన్ కేల్ ఏ సినిమానైనా ఒక్కసారే చూస్తానని చెప్పుకునేది, మొదటి స్పందనే నిజమని ఆమె నమ్మకం. ఆమెకి చెల్లింది. రిమోట్ చేతిలో పెట్టుకుని కూడా రెండు నిమిషాలు వెనక్కి వెళ్లనివాళ్లకి చెల్లదు.

ఎలా చూశారో ఒక్క లైనులో చెప్పండి

"డబ్బింగ్‌లో చూశాను, ఫోన్లో, రెండు రాత్రుల్లో." ఇంతే. ఈ ఒక్క లైను మీ మాటకి ఎంత విలువ ఇవ్వాలో వినేవాళ్లకి చెప్పేస్తుంది. డబ్బింగ్‌లో చూస్తే నటుల ముఖాల గురించి, ఒంటి కదలికల గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు, గొంతుల గురించి కాదు. మాటల్లో చమత్కారం లేదనీ అనలేం, అది అనువాదంలో జారిపోయి ఉండొచ్చు. సబ్‌టైటిల్స్‌తో చూసినా పూర్తిగా భద్రం కాదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌కి నెట్‌ఫ్లిక్స్ పెట్టుకున్న నియమం లైనుకి 42 అక్షరాలు, మొత్తం రెండు లైన్లు. గుక్కతిప్పుకోకుండా పోట్లాడుకునే ఇద్దరి మాటలు అందులో పట్టవు, కుదించి రాస్తారు. మీరు చదివింది సారం, వాళ్లన్నది వేరు.

ఏ కూర్పు చూశారన్నది కూడా ముఖ్యమే. 1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపుల్లో వచ్చింది, రంగులద్దిన ప్రతి 2010లో విడుదలైంది. ఆ రెంటిలో ఏది చూశారో చెప్పకుండా దాని ఛాయాగ్రహణం గురించి మాట్లాడితే సగం మాటే. దర్శకుడి కూర్పు, నిడివి పెంచిన కూర్పు అని రెండు మూడు రకాలు తిరిగే సినిమాలకి నిడివి నిమిషాల్లో రాసేస్తే గొడవ లేదు.

గుట్టు విప్పాలా వద్దా

2011లో కాలిఫోర్నియాలో ఇద్దరు పరిశోధకులు చిన్న కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసి చదివినవాళ్లే కథని ఎక్కువగా ఆనందించారని తేలింది. దీన్ని పట్టుకుని "తెలిస్తే ఏమవుతుంది లే" అని వాదించేవాళ్లు ఉన్నారు. అయినా ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది వినేవాళ్లు తేల్చుకోవాలి, అది మీ హక్కు కాదు.

నేను పెట్టుకున్న గీత సులువైనది. సినిమా మొదటి ఇరవై నిమిషాల్లో తెలిసేదంతా చెప్పొచ్చు. ఆ తర్వాతది చెప్పాలంటే ముందు హెచ్చరిక, కింద కాస్త ఖాళీ. "చివర్లో ఒక ట్విస్ట్ ఉంది, నేను చెప్పను" అనేవాళ్లతోనే నాకు పేచీ. ట్విస్ట్ ఉందని చెప్పడమే సగం చెప్పేయడం. ఇక ఆ మనిషి ప్రతి సీన్లోనూ దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటాడు.

గుట్టు విప్పినా పరవాలేదనిపించే సందర్భం ఒకటుంది. ఈ మధ్యే ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్న స్నేహితురాలికి సినిమా చెప్తున్నారు, అందులో ఆసుపత్రి చావు ఉంది. అప్పుడు పక్కకి పిలిచి చెప్పేయండి. పసిపిల్లల మీద హింస, జంతువుల్ని చంపడం, ఆత్మహత్య, ఇవీ ఆ కోవలోకే వస్తాయి.

అంకెలు

పదికి ఎన్ని అని అడుగుతారు. ఇవ్వండి, ఇవ్వకపోతే వదలరు. కానీ అంకె చివర్లో పెట్టండి. ముందు పెడితే తర్వాత రాసింది ఎవరూ చదవరు. ఇతరుల అంకెలు వాడేటప్పుడు వాటి అర్థం తెలుసుకోండి. విమర్శకుల అభిప్రాయాలు పోగేసి శాతం చెప్పే, 1998లో మొదలైన రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైట్‌లో 90 శాతం అంటే పదికి తొమ్మిది మార్కులని చాలామంది అనుకుంటారు. కాదు. వందమంది విమర్శకుల్లో తొంభైమంది బాగుందన్నారని మాత్రమే. ఆ తొంభైమందీ "పర్లేదు" అన్నా 90 శాతమే వస్తుంది. అందరికీ కాస్త నచ్చిన సినిమాకి 95 వచ్చి, సగంమంది ప్రాణంగా ప్రేమించి సగంమంది తిట్టిపోసిన సినిమాకి 50 రావచ్చు. నేనైతే రెండోదే ముందు చూస్తాను.

ఒక ఉదాహరణ రాసి చూద్దాం

లేని సినిమా ఒకటి ఊహించుకుందాం. పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఒక లిఫ్టులో ఇరుక్కుంటారు. ఇంచుమించు సినిమా అంతా అందులోనే. మామూలుగా మన నోట వచ్చేది ఇది:

"సూపర్ మూవీ, కాన్సెప్ట్ కొత్తగా ఉంది. యాక్టింగ్ నెక్స్ట్ లెవెల్. సెకండాఫ్ కొంచెం లాగ్. క్లైమాక్స్ ఎమోషనల్‌గా కనెక్ట్ అవుతుంది. డోంట్ మిస్."

కాగితం మీది టైములు చూసుకుని, మాటలు విప్పి రాస్తే ఇలా వస్తుంది:

"టీవీలో, ఒకే రాత్రి, ఒకసారి ఆపి చూశాను. మాటల్లేని అన్నదమ్ములు లిఫ్టులో ఇరుక్కుంటారు, ఇది మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అరగంట దాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, కెమెరా కూడా ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపించదు. తమ్ముడికి దగ్గొస్తే అన్న నీళ్ల సీసా కింద పెట్టి కాలితో అటు తోస్తాడు. నాకు గొంతు పట్టేసింది అక్కడే. గంట దాటాక పాత గొడవని ఇద్దరూ మూడుసార్లు చెప్పుకుంటారు. రెండోసారికే మనకి అర్థమైంది, మూడోసారి నేను ఫోన్ తీశాను. ముగింపు సంగతి చెప్పను. ఇరుకు గదులంటే ఊపిరాడనివాళ్లు చూడొద్దు. అన్నతోనో తమ్ముడితోనో మాటలు లేనివాళ్లు ఒంటరిగా చూడండి."

రెండోది ఎక్కువ నిడివే. కానీ అందులో "బాగుంది" అన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. అయినా నాకు నచ్చిందని తెలిసిపోయింది. నీళ్ల సీసా చేసిన పని అది. ఒక్క సినిమాకి అలాంటి వివరం ఒక్కటి దొరికితే చాలు, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకుంటుంది. దొరకకపోతే అదే రాయండి, "రెండు గంటలు చూశాను, చెప్పడానికి ఒక్క సీను కూడా మిగల్లేదు" అని. అంతకంటే ఘాటైన విమర్శ ఉండదు.

చివరి రెండు వాక్యాలూ చూశారా? ఎవరు చూడొచ్చు, ఎవరు చూడొద్దు అన్నది. "అందరూ చూడాల్సిన సినిమా" అంటూ ఏదీ ఉండదు. మీకు తెలిసిన ఒక మనిషిని తలుచుకుని, వాళ్లకి చెప్తున్నట్టు రాయండి. అమ్మకి చెప్పేటప్పుడు వచ్చే మాటలు వేరు, పాత రూమ్మేట్‌కి చెప్పేటప్పుడు వచ్చేవి వేరు, రెండూ నిజమే అయినా.

నాలుగైదు కలిపి చెప్పాల్సి వస్తే

ఈ మధ్య చూసినవన్నీ ఒకేసారి చెప్పాలనుకుంటే సమానంగా పంచకండి. ఒకదానికి పెద్ద పేరా, రెండిటికి రెండేసి లైన్లు, మిగతావాటికి ఒక్కో మాట. సగంలో వదిలేసినవి కూడా రాయండి, ఎన్నో నిమిషంలో వదిలేశారో చెప్పి. "38వ నిమిషంలో ఆపేశాను, హీరో ఆ అమ్మాయి వెంటపడడం సరదాగా చూపిస్తున్నారు" అన్నది నిజాయితీ ఉన్న అభిప్రాయమే. మొత్తం చూసినట్టు నటించడమే తప్పు.

ఎవరైనా ఎదురుచెప్తే "మీకు అర్థం కాలేదు" అనకండి. "మీకు ఎక్కడినుంచి నచ్చడం మానేసింది?" అని అడగండి. వాళ్లు ఒక సీను పేరు చెప్తారు. ఇద్దరూ ఆ సీను దగ్గరికే వెళ్లి మాట్లాడుకోవచ్చు, రిమోట్ ఉంది కదా. సగం వాదనలు అక్కడే చల్లారతాయి, వాళ్లు చూసింది జూమ్ చేసిన బొమ్మ అని తేలుతుంది. మిగతా సగం ఇంకా వేడెక్కుతాయి. ఆ సాయంత్రాలు బాగుంటాయి.

రాసినవి పారేయకండి, తేదీ వేసి దాచండి. మళ్లీ చూసినప్పుడు అభిప్రాయం మారితే పాతది చెరపకుండా కిందే కొత్తది రాయండి. నా పుస్తకంలో ఒక సినిమా కింద మూడు తేదీలున్నాయి. మొదటిది: "తండ్రి పాత్ర మరీ మొండి, విసుగొచ్చింది." ఆరేళ్ల తర్వాత: "కొడుకు కాస్త తగ్గి ఉండాల్సింది." మూడోది పోయినేడాది రాశాను. అందులో సీను టైము ఒక్కటే ఉంది, 1:12, పక్కన ఏమీ లేదు.